ఒకసారి గర్భం పోయాక మళ్లీ నెల తప్పితే ప్రొజెస్టిరాన్ ఎలా వాడాలి

ఒకసారి గర్భం పోయాక మళ్లీ కార్డు మీద రెండు గీతలు కనిపిస్తే, సంతోషం కంటే ముందు గుండెల్లో దడ మొదలవుతుంది. బాత్‌రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ మచ్చ కనిపిస్తుందేమోనని చూసుకోవడం, కాస్త నడుము లాగితే చాలు మంచం ఎక్కేయడం, అర్ధరాత్రి ఫోన్‌లో వెతుక్కోవడం. ఆ భయంతోనే చాలామంది మందుల షాపుకి వస్తారు. "మా వదినకి ఇలాగే అయితే ఏదో హార్మోన్ మాత్ర వేశారంట, గర్భం నిలబడిందంట, అదే ఇవ్వండి" అంటారు. నేను ఫార్మసిస్టుని. కౌంటరు దగ్గర వెనక నలుగురు నిలబడి ఉండగా రెండు నిమిషాల్లో చెప్పలేనిదంతా ఇక్కడ రాస్తున్నాను. మందు రాయాల్సింది డాక్టరే. రాశాక దాన్ని ఇంట్లో సరిగ్గా వాడుకోవడం, ఏది మామూలో ఏది ప్రమాదమో గుర్తుపట్టడం మాత్రం మీరే చేయాలి.

ముందు ఈ మందు ఏం చేస్తుందో తెలుసుకోండి

నెల మధ్యలో అండం విడుదలయ్యాక, అది బయటికి వచ్చిన చోటే అండాశయంలో కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథి తయారవుతుంది. మొదటి వారాల్లో ప్రొజెస్టిరాన్ అక్కడి నుంచే వస్తుంది. గర్భసంచి లోపలి పొరను మెత్తగా, పిండం పట్టుకుని ఎదిగేలా ఉంచేది ఆ హార్మోనే. 7 నుంచి 9 వారాల మధ్య ఈ పనిని మెల్లగా మాయ తన చేతిలోకి తీసుకుంటుంది. అందుకే మొదటి మూడు నెలలకే ఈ మందు గురించి ఇంత చర్చ.

అయితే తొలి నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం, ఇంకా ఎక్కువే, పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల పోతాయి. అండం, వీర్యకణం కలిసిన క్షణంలోనే జరిగిపోయే తేడా అది. దాన్ని ఏ మాత్రా సరిచేయలేదు. మీరు బస్సెక్కడం వల్లనో, బిందె ఎత్తడం వల్లనో, పండు బొప్పాయి ముక్క తినడం వల్లనో అలా జరగలేదు. ఈ మాట మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా వినిపించండి. పోయిన గర్భానికి కోడలి మీద నింద వేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ నింద మోస్తూ ఈసారి మాత్ర ఒక్కటి మరిచిపోయినా "నా వల్లే" అని కుమిలిపోయే ఆడపిల్లలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మరి ఎవరికి ఉపయోగం? దీని మీద బ్రిటన్ పరిశోధకులు రెండు పెద్ద పరీక్షలు జరిపారు. 2015లో వెలువడిన ప్రామిస్ అనే దాంట్లో, కారణం తెలియకుండా పదేపదే గర్భం పోయిన 836 మంది స్త్రీలు పాల్గొన్నారు. కొందరికి ప్రొజెస్టిరాన్, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్త గుళిక ఇచ్చారు. మందు వాడినవారిలో 65.8 శాతం మందికి, ఉత్త గుళిక వాడినవారిలో 63.3 శాతం మందికి బిడ్డ పుట్టారు. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట.

2019లో వచ్చిన ప్రిజమ్ పరీక్షలో, తొలి వారాల్లో బ్లీడింగ్ కనిపించిన 4,153 మందిని తీసుకున్నారు. మొత్తంగా చూస్తే మందు వాడినవారిలో 75 శాతం, ఉత్త గుళిక వాడినవారిలో 72 శాతం మందికి బిడ్డ పుట్టారు, అంటే అక్కడా తేడా స్వల్పమే. కానీ లోపలికి వెళ్లి చూస్తే ఒక విషయం బయటపడింది. బ్లీడింగ్‌తో పాటు గతంలో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు గర్భం పోయినవారిలో మందు వాడితే 72 శాతం, వాడకపోతే 57 శాతం మందికి బిడ్డ దక్కారు. గతంలో ఒకటి రెండుసార్లు పోయినవారిలోనూ కొంత మేలు కనిపించింది. దీన్నిబట్టే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021 నవంబరులో తన సూచన మార్చింది. గతంలో ఒక్కసారైనా గర్భం పోయి, ఈసారి బ్లీడింగ్ కనిపించి, గర్భం గర్భసంచిలోనే ఉందని స్కానింగ్‌లో తేలితే, 400 మిల్లీగ్రాముల మైక్రోనైజ్డ్ (చాలా సన్నని పొడిగా చేసిన) ప్రొజెస్టిరాన్ రోజుకు రెండుసార్లు యోనిలో పెట్టుకునేలా ఇవ్వాలని చెప్పింది. స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం కనిపిస్తే 16 వారాలు నిండే దాకా కొనసాగించమంది.

గతంలో గర్భం పోయింది, ఈసారి బ్లీడింగ్ ఉంది అన్నప్పుడు ఈ మందుకి గట్టి ఆధారం ఉంది. బ్లీడింగే లేకుండా, భయం కోసం వాడితే మేలు జరుగుతుందని నిరూపణ కాలేదు. అయినా మన దగ్గర చాలామంది డాక్టర్లు ముందుజాగ్రత్తగా రాస్తారు. ఆ పరీక్షల్లో పుట్టిన బిడ్డలకు ఈ మందు వల్ల లోపాలు పెరిగినట్టు కనిపించలేదు కాబట్టి, రాశారని కంగారుపడొద్దు. రాయలేదని డాక్టరమ్మ మీద కోపమూ తెచ్చుకోవద్దు.

మొదటి మెట్టు: వారాలు లెక్కపెట్టుకోండి

ఈ మందుకి సంబంధించిన ప్రతి నిర్ణయం వారాల లెక్క మీదే నడుస్తుంది. మన ఇళ్లలో "రెండో నెల నడుస్తోంది" అంటాం, డాక్టరు "సెవెన్ ప్లస్ త్రీ" అంటారు. అంటే 7 వారాల 3 రోజులు. లెక్క మొదలయ్యేది చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి, భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి కాదు. ఉదాహరణకి ఆ రోజు జనవరి 1 అనుకుందాం. ఫిబ్రవరి 12కి 6 వారాలు నిండుతాయి. లీపు సంవత్సరం కాకపోతే మార్చి 26కి 12 వారాలు, ఏప్రిల్ 23కి 16 వారాలు. మీ తేదీతో ఇలా లెక్కేసి గోడ క్యాలెండర్ మీద ఆ మూడు రోజులకు గుర్తు పెట్టుకోండి. నెలసరి సరిగ్గా రానివాళ్లు, పీసీఓడీ ఉన్నవాళ్లు స్కానింగ్‌లో చెప్పిన వారాలనే తీసుకోవాలి.

కార్డు టెస్ట్ పాజిటివ్ వచ్చిన వారంలోనే డాక్టరుకు చూపించుకోండి. పాత కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి పట్టుకెళ్లండి. ముఖ్యంగా పోయినసారి ఎన్నో వారంలో పోయింది, గుండె కొట్టుకోవడం కనిపించాక పోయిందా అంతకుముందేనా, డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం చేయడం) చేశారా, థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఏం చెప్పాయి, మీ బ్లడ్ గ్రూపు ఏమిటి. నెగెటివ్ గ్రూపు అయితే బ్లీడింగ్ అయినప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని డాక్టరు చూస్తారు, కాబట్టి ఆ మాట అడక్కపోయినా మీరే చెప్పండి. ప్రైవేటులో చూపించుకుంటున్నా సరే, మీ ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పి 12 వారాల లోపు పేరు నమోదు చేయించుకుని మాతా శిశు సంరక్షణ కార్డు తీసుకోండి. మొదటి మూడు నెలలకు ఫోలిక్ యాసిడ్ మాత్రలు అక్కడ ఉచితం. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్షలు ఉంటాయి.

రెండో మెట్టు: మందు మొదలుపెట్టే ముందు స్కానింగ్

బ్లీడింగ్ కనిపించినప్పుడు షాపుకి పరుగెత్తి మాత్ర కొనుక్కోవడం అసలు ప్రమాదం. గర్భం ఒక్కోసారి గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలుస్తుంది. అప్పుడూ కార్డు పాజిటివే వస్తుంది, అప్పుడూ మచ్చలు కనిపిస్తాయి. "మాత్ర వేసుకుంటున్నాం కదా, తగ్గుతుందిలే" అని ఇంట్లో కూర్చుంటే ట్యూబు పగిలి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే గర్భం ఎక్కడుందో ముందు తేలాలి.

తొలి వారాల్లో కడుపు మీద నుంచి చేసే స్కానింగ్‌లో సరిగా కనపడదు, లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కానింగ్ చేస్తారు. దానివల్ల గర్భానికి హాని లేదు. స్కానింగ్ సెంటర్లో ఫారం ఎఫ్ నింపి సంతకం పెట్టించుకుంటారు, ఆధార్ అడుగుతారు. లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి గర్భిణికీ అది తప్పనిసరి, దానికి భయపడాల్సింది లేదు.

6 వారాల దగ్గర గుండె కొట్టుకోవడం కనిపించకపోతే వెంటనే అంతా అయిపోయిందని అనుకోకండి. పిండం పొడవు 7 మిల్లీమీటర్ల లోపు ఉంటే కనీసం వారం ఆగి మళ్లీ చూడాల్సిందే. ఆ వారం గడవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఒక్క స్కానింగ్ రిపోర్టు పట్టుకుని కడిగించుకోవడానికి ఒప్పుకోవద్దు, రెండో స్కానింగ్ అడగండి.

కొన్నిచోట్ల రక్తంలో ప్రొజెస్టిరాన్ ఎంతుందో పరీక్ష రాసి, తక్కువుందని మందు రాస్తారు. ఈ హార్మోన్ ఒకే రోజులో గంట గంటకీ ఎక్కువ తక్కువలవుతుంది, కాబట్టి ఒక్క అంకెతో తేల్చడం కుదరదు. పైగా గర్భం ఎదగడం ఆగిపోయినందువల్ల కూడా అది తగ్గుతుంది. తగ్గడం కారణమా ఫలితమా అన్నది ఆ అంకె చెప్పదు. ప్రొజెస్టిరాన్‌ని పోలిన డైడ్రోజెస్టిరాన్ అనే మందు వాడుతున్నవాళ్లకైతే అది ఈ పరీక్షలో లెక్కకే రాదు. ఆ డబ్బు థైరాయిడ్ పరీక్షకి ఖర్చుపెట్టడం మేలని నా అభిప్రాయం.

మూడో మెట్టు: చీటీ చదవండి

కౌంటరు దగ్గర ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. సుస్టెన్, నేచురోజెస్ట్ లాంటి పేర్లతో వచ్చేది మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్, మన ఒంట్లో తయారయ్యే హార్మోనే. 100, 200, 400 మిల్లీగ్రాముల్లో మెత్తని గుళికలుగా దొరుకుతుంది. డుఫాస్టన్ పేరుతో వచ్చేది డైడ్రోజెస్టిరాన్, దాన్ని పోలిన వేరే మందు. 10 మిల్లీగ్రాముల మాత్ర, నోటితో మింగేది. రెండూ ఒకటే అనుకుని ఒకదాని బదులు ఇంకోటి తెచ్చుకోవద్దు.

చీటీ మీద మందు పేరు పక్కన చిన్న అక్షరాలు ఉంటాయి. పి.వి. అని ఉంటే యోనిలో పెట్టుకోవాలి. పి.ఓ. లేదా ఓరల్ అని ఉంటే నోటితో. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి, బి.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు. చాలా మెత్తని గుళికలు నోటితోనూ వాడొచ్చు, లోపలా పెట్టుకోవచ్చు. అందుకే డబ్బా మీద చూసి నిర్ణయించుకోకుండా చీటీలో ఏముందో చూడాలి. సిగ్గుపడి డాక్టరుని అడగక, లోపల పెట్టుకోవాల్సింది మింగేసి, రెండు రోజులు తల తిరిగి పడిపోతున్నానని వచ్చినవాళ్లు ఉన్నారు. పేరు చివర ఎస్.ఆర్. అని ఉంటే అది నెమ్మదిగా కరిగే మాత్ర. నోటితోనే, నమలకుండా, విరవకుండా మింగాలి. దాన్ని లోపల పెట్టుకోకూడదు.

ఒకే చీటీ మీద గుళిక, మాత్ర, వారానికో ఇంజెక్షన్, మూడూ హార్మోన్లే కనిపిస్తే "మేడమ్, ఈ మూడూ ఎందుకో చెబుతారా?" అని మర్యాదగా అడగండి. ఎక్కువ మందులు వేస్తే ఎక్కువ రక్షణ అన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఇంజెక్షన్ మీద హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ కాప్రొయేట్ అని ఉంటే తప్పకుండా అడగండి. నెలలు నిండకుండా కాన్పు కావడాన్ని ఆపుతుందని వాడిన ఆ మందుకి, పనిచేస్తుందన్న రుజువు లేదని అమెరికా ఔషధ సంస్థ 2023లో అనుమతి రద్దు చేసింది. 2024లో ఐరోపా ఔషధ సంస్థ కూడా దాన్ని నిలిపివేయాలని సిఫారసు చేసింది. మామూలు ప్రొజెస్టిరాన్‌కి ఈ నిర్ణయంతో సంబంధం లేదు.

ఇంతకుముందు కాళ్లలో రక్తం గడ్డకట్టినా, లివర్ జబ్బు ఉన్నా, రొమ్ము క్యాన్సర్ వచ్చినా ముందే చెప్పాలి. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ హార్మోన్‌ని ఒంట్లోంచి త్వరగా తోసేస్తాయి. అలాగని వాటిని సొంతంగా ఆపొద్దు, డాక్టరుకి తెలియజేయండి. కొన్ని గుళికల్లో వేరుశనగ నూనె ఉంటుంది, పల్లీలు పడనివాళ్లు అడిగి తీసుకోవాలి.

నాలుగో మెట్టు: లోపల పెట్టుకోవడం

దీన్ని ఎవరూ విడమరచి చెప్పరు, అడగడానికి ఆడవాళ్లకి మొహమాటం. అందుకే ఇక్కడ నిదానంగా చెబుతాను.

గోళ్లు కత్తిరించుకుని ఉండండి. ముందు మూత్రానికి వెళ్లి రండి, నిండుగా ఉంటే మధ్యలో లేవాల్సి వస్తుంది. సబ్బుతో చేతులు కడిగి పొడిగా తుడుచుకోండి, తడి చేతితో పట్టుకుంటే గుళిక జిగురుగా అయి వేలికే అంటుకుంటుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి కాస్త దూరంగా పెట్టండి. కొందరికి ఒక కాలు స్టూలు మీద పెట్టి నిలబడితే తేలిక, అదీ మంచిదే. గుళికను నేరుగా పైకి కాకుండా నడుము వైపుకి వాలుగా, చూపుడు వేలు ఇబ్బంది లేకుండా వెళ్లినంత లోపలికి తోయండి. ద్వారం దగ్గరే వదిలేస్తే జారి బయటికి వస్తుంది. వేలికి గర్భసంచి ముఖద్వారం గట్టిగా, ముక్కు కొనలా తగలొచ్చు. భయపడకండి, గుళిక దాని లోపలికి పోదు, మీ వేలు బిడ్డకి తగలదు. తర్వాత ఓ అరగంట అలాగే పడుకోండి.

రెండు పూటలా పెట్టుకోవాల్సి ఉంటే రాత్రి పడుకునేటప్పుడు ఒకటి, పొద్దున లేచాక కాలకృత్యాలన్నీ అయ్యాక ఇంకోటి. పొద్దున పెట్టుకున్నాక కాసేపు నడుం వాల్చే వీలు చూసుకోండి. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు అరగంట ముందు లేవాల్సి వస్తుంది.

కొన్ని గంటల తర్వాత తెల్లగా, మైనంలా, లేదా నూనెలా ఏదో బయటికి వస్తుంది. మందంతా కారిపోయిందని ఏడ్చేవాళ్లు ఉన్నారు. అది గుళిక పైపొర, అందులోని నూనె. హార్మోన్ అప్పటికే లోపలికి ఇంకి ఉంటుంది. పలుచని ప్యాడ్ పెట్టుకోండి, లోపల పెట్టుకునే టాంపాన్ మాత్రం వద్దు. లోపలంతా నీళ్లతో కడగడం, వాసన ద్రావణాలు వాడటం మానేయండి. దురద, పెరుగు విరిగినట్టు స్రావం, దుర్వాసన ఉంటే అది మందు కాదు, ఇన్ఫెక్షన్. డాక్టరుకి చూపించాలి.

బ్లీడింగ్ అవుతున్నప్పుడు పెట్టుకోవచ్చా? చాలామందికి ఇదే సందేహం. కొద్దిపాటి మచ్చలుంటే పెట్టుకోవచ్చు, ఈ మందు ఉన్నదే ఆ సమయం కోసం. రక్తం ఎక్కువగా పోతుంటే గుళిక కూడా కొట్టుకుపోతుంది. అప్పుడు డాక్టరుకి ఫోన్ చేస్తే నోటితోనో మలద్వారంలోనో పెట్టుకునే రకానికి మారుస్తారు. బ్లీడింగ్ ఉన్నన్ని రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండటం మంచిది.

నోటితో వేసుకునేవాళ్లు

నోటితో వేసుకునే ప్రొజెస్టిరాన్ మత్తు ఇస్తుంది. లివర్‌లో అది విడిపోయినప్పుడు నిద్ర తెప్పించే పదార్థం తయారవుతుంది, అందుకే పడుకునే ముందు వేసుకోమంటారు. వేసుకున్నాక స్కూటీ నడపొద్దు, గ్యాస్ పొయ్యి మీద పాలు పెట్టి కూర్చోవద్దు, రాత్రి లేస్తే గోడ పట్టుకుని నడవండి. డైడ్రోజెస్టిరాన్‌కి ఈ మత్తు అంతగా ఉండదు, కొందరికి తలనొప్పి వస్తుంది. వేవిళ్లతో మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతయితే డాక్టరుని అడిగి, లోపల పెట్టుకునే రకానికి మారడం సులువు.

ఏ రకమైనా రొమ్ములు సలపడం, కడుపు ఉబ్బరం, మలబద్ధకం ఉంటాయి. ఇవన్నీ గర్భం వల్లా వస్తాయి, ఏది దేనివల్లో విడదీయలేం. నీళ్లు, మజ్జిగ, ఆకుకూరలు, పండ్లు పెంచండి. ఒక్క లక్షణాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే, లివర్‌లో పైత్యరసం నిలిచిపోతోందేమో చూడాలి. లివర్ పరీక్ష చేయించుకోండి.

మరిచిపోతే

గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మోతాదు వేళ దగ్గరపడితే మరిచినది వదిలేసి మామూలుగా కొనసాగించండి. రెండు కలిపి వేసుకోవద్దు. ఒక పూట మరిచినంత మాత్రాన గర్భం పోదు. ఊరెళ్లేటప్పుడు రెండు రోజులకు ఎక్కువ సరిపడా పట్టుకెళ్లండి, ఏ ఊళ్లో పడితే ఆ ఊళ్లో దొరక్కపోవచ్చు. విజయవాడ, ఖమ్మం వైపు మే నెల ఎండలకి మెత్తని గుళికలు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. కారులో, కిటికీ పక్కన, పొయ్యి పైనున్న అరలో పెట్టకండి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో పెట్టి, అట్ట మీద రాసిన ఉష్ణోగ్రత దాటకుండా చూసుకోండి.

టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో గర్భం వచ్చినవాళ్లకి మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. ఫ్రీజ్ చేసిన పిండాన్ని హార్మోన్ మందులతో సిద్ధం చేసిన గర్భసంచిలో పెట్టినప్పుడు కార్పస్ లూటియమే ఉండదు. మాయ ఎదిగే దాకా ఆ ప్రొజెస్టిరానే ఆధారం. ఒక్క పూట తప్పినా వెంటనే మీ సెంటర్‌కి ఫోన్ చేయండి, సొంతంగా ఆపడం అసలు వద్దు.

మంచం దిగొద్దంటే

"మూడో నెల దాటేదాకా కాలు కింద పెట్టకు" అని అమ్మా అత్తయ్యా ప్రేమతోనే అంటారు. కానీ పూర్తి బెడ్ రెస్ట్ వల్ల గర్భం నిలుస్తుందనడానికి ఆధారం లేదు. గర్భంతో ఉన్నప్పుడు రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది, రోజుల తరబడి కదలకుండా ఉంటే ఆ ముప్పు పెరుగుతుంది. అలసిపోయే పనులు తగ్గించండి, ఇంట్లో తిరగండి, మీ వంట మీరు చేసుకోండి, డాక్టరు వద్దనకపోతే ఉద్యోగానికీ వెళ్లండి. పెద్దవాళ్లు వినకపోతే ఈసారి చెకప్‌కి వాళ్లనీ వెంట తీసుకెళ్లి డాక్టరమ్మ నోటితోనే చెప్పించండి. అదే పనిచేస్తుంది.

ఎప్పుడు పరుగెత్తాలి

గంటకో ప్యాడ్ తడిసిపోయేలా రక్తం పోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, కడుపులో ఒక పక్క పొడిచినట్టు నొప్పి ఉన్నా, భుజం కొసన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నా, జ్వరంతో పాటు దుర్వాసన ఉన్నా రాత్రా పగలా అని చూడకుండా 108కి ఫోన్ చేయండి. భుజం నొప్పికీ గర్భానికీ సంబంధమేంటి అనుకుంటారు. ట్యూబు పగిలి కడుపులో రక్తం చేరితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. అప్పుడు తినడం, తాగడం ఆపేసి బయలుదేరాలి.

కాళ్లలో ఒకదానికే వాపు, పిక్కలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే.

విదేశాల్లో ఉన్నవాళ్లకి

లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉంటే, మచ్చలు కనిపించగానే ఆసుపత్రిలోని ఎర్లీ ప్రెగ్నెన్సీ యూనిట్‌కి ఫోన్ చేసి, గతంలో గర్భం పోయిందని మొదటి మాటగా చెప్పండి. నైస్ సూచన ప్రకారం మీకు ప్రొజెస్టిరాన్ వస్తుందా అని అడిగే హక్కు మీకుంది. అమెరికాలో తొలి అపాయింట్‌మెంట్ చాలాచోట్ల 8 వారాల దగ్గర ఇస్తారు, మన వాళ్లకి అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. గతంలో పోయిందని చెబితే ముందే చూస్తారు. హైదరాబాదు నుంచి అమ్మ పంపిన డుఫాస్టన్ అక్కడ అమ్మకంలోనే లేదు, అక్కడి డాక్టరుకి ఆ పేరు తెలియకపోవచ్చు. వేసుకుంటుంటే దాచకండి, డైడ్రోజెస్టిరాన్ అన్న అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసి చూపించండి.

మందు వాడుతున్నా గర్భం నిలవకపోతే

ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ రాయకుండా వదిలేయలేను. స్కానింగ్‌లో గర్భం ఎదగడం ఆగిపోయిందని రెండోసారి కూడా తేలితే, ప్రొజెస్టిరాన్ ఆపేయాలి. వేసుకుంటూ ఉన్నా గుండె మళ్లీ కొట్టుకోదు. మీరు సరిగ్గా పెట్టుకోనందువల్ల అలా అయిందనీ అనుకోవద్దు. బయటికి వచ్చిన కణజాలాన్ని క్రోమోజోమ్ పరీక్షకి పంపవచ్చా అని డాక్టరుని అడగండి, ముఖ్యంగా ఇంతకుముందు రెండుమూడుసార్లు పోయి ఉంటే. అలాంటివాళ్లకి, రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష కూడా ముఖ్యం. 12 వారాల తేడాతో రెండుసార్లు చేస్తారు. అది పాజిటివ్ అయితే తర్వాతి గర్భానికి ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. వాళ్ల విషయంలో ప్రొజెస్టిరాన్ కంటే ముఖ్యమైన మందులు అవి. థైరాయిడ్, షుగర్, గర్భసంచి ఆకారం కూడా అప్పుడే చూపించుకోవాలి.

మనసు కూడగట్టుకోవడానికి ఎవరూ లేరనిపిస్తే మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. భర్తలకీ ఇదే మాట. చాలామంది మగవాళ్లు షాపు బయట నిలబడి ఏడవడం చూశాను.

ఆఖరి మెట్టు: ఆపడం

అంతా సవ్యంగా సాగితే 12 వారాలకో 16 వారాలకో ఆపమంటారు. అప్పటికి మాయే కావలసినంత హార్మోన్ తయారుచేస్తుంటుంది. కొందరు డాక్టర్లు ఒక్కసారిగా ఆపమంటారు, కొందరు రెండు పూటల నుంచి ఒక పూటకి తగ్గించి ఆపమంటారు. ఏదైనా ఫరవాలేదు. ఆపిన రోజు రాత్రి నిద్ర పట్టదు, అది సహజం. భయంతో ఇంకో స్ట్రిప్ కొనుక్కుని సొంతంగా కొనసాగించవద్దు. ఆపిన తర్వాత మచ్చ కనిపిస్తే డాక్టరుకి చూపించండి, మళ్లీ మొదలుపెట్టాలో లేదో వాళ్లు చెబుతారు.

తర్వాత 18 నుంచి 20 వారాల మధ్య, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కానింగ్ ఉంటుంది, దానికి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మిగిలిపోయిన గుళికలను పక్కింటి అమ్మాయికో ఆడపడుచుకో ఇవ్వకండి. ఆమెకీ మచ్చలు కనిపిస్తున్నాయంటే, ముందు స్కానింగ్‌కి తీసుకెళ్లండి.